గాలి తీసిన టైరుకు బోల్టుల కాపలా

పంక్చరు షాపులో ట్యూబ్‌లెస్ టైరుకు గాలి కొడుతుంటే టప్, టప్‌మని రెండు చప్పుళ్లు వినిపిస్తాయి. టైరు అంచులు రెండూ ఒకదాని తర్వాత ఒకటి రిమ్ములో తమ చోటికి ఎక్కి కూర్చున్న చప్పుడది. ఆ అంచు పేరు బీడ్. దాని లోపల గట్టి ఉక్కు తీగల కట్ట ఉంటుంది. మేకు లేదు, జిగురు లేదు. లోపలి గాలి ఆ అంచును నిరంతరం బయటికి నొక్కిపెట్టడం వల్లే టైరు చక్రాన్ని పట్టుకుని ఉంటుంది. మరి ఆ గాలినే చాలావరకు తీసేయాల్సి వస్తే?

సికింద్రాబాద్ చుట్టూ ఉన్న గ్రానైటు గుట్టల్లో, వికారాబాద్, జహీరాబాద్ వైపు నల్లరేగడి బాటల్లో జీపులు, జిప్సీలు, థార్‌లు నడిపేవాళ్లకు ఈ ప్రశ్న తప్పదు. దానికి జవాబే బీడ్‌లాక్ చక్రం. టైరు అంచును రెండు ఉక్కు రింగుల మధ్య పెట్టి, చుట్టూ బోల్టులతో బిగించేస్తారు. గాలి ఉన్నా లేకపోయినా అలా బిగించిన అంచు రిమ్మును వదలదు. కంపెనీ చక్రాలు ఖరీదు కాబట్టి ఉత్సాహవంతులు పాత స్టీలు రిమ్ములకు రింగులు వెల్డింగ్ చేసి సొంతంగా తయారుచేసుకోవడం ప్రపంచమంతటా ఉంది.

గాలి ఎందుకు తీస్తారు?

లెక్క సులువు. 1,400 కిలోల బండిలో ఒక్కో చక్రం మీద సుమారు 350 కిలోల బరువు పడుతుంది. టైరులో 28 పీఎస్ఐ గాలి ఉంటే ఆ బరువు మోయడానికి నేలను తాకాల్సిన మేర దాదాపు 180 చదరపు సెంటీమీటర్లు. అంటే వేళ్లతో కలిపి మన చేయంత. అదే గాలిని 10 పీఎస్ఐకి దించితే ఆ మేర 500 చదరపు సెంటీమీటర్ల దగ్గరికి వస్తుంది. టైరు గోడలు తమ బిగువుతో కొంత బరువు మోస్తాయి కనుక నిజంలో ఇంత పెరగదు. అయినా తేడా చాలా పెద్దది. బురదలో దిగిన ఎద్దు గిట్ట విచ్చుకుని బరువును పరిచినట్టు, మెత్తబడ్డ టైరు నేల మీద పరుచుకుంటుంది. రేగడిలో కూరుకుపోదు, రాతి మీద జారిపోదు.

మన రైతులు ఇదే చిక్కును మరో దారిలో విప్పారు. వరి మడిలో దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరుకు ఇనుప కేజీవీల్స్ తగిలిస్తారు. మడిలో అవి బ్రహ్మాండంగా పనిచేస్తాయి. రోడ్డెక్కితే తారును చీల్చేస్తాయి. మెత్తటి టైరుకు ఆ ఇబ్బంది లేదు గానీ దానికి వేరే గండం ఉంది. 28 నుంచి 10కి దిగినప్పుడు అంచును పట్టి ఉంచే బలం కూడా దాదాపు మూడో వంతుకు పడిపోతుంది. చక్రం రాతికి అడ్డంగా ఒరిగిందంటే బీడ్ జారి, ఉన్న గాలంతా ఒక్కసారిగా పోతుంది.

బోల్టుతో మొదలై, గాలికి చేరి

1888లో బెల్‌ఫాస్ట్‌లో డన్‌లప్ తయారుచేసిన గాలి టైరు చక్రానికి అంటించి ఉండేది. పంక్చరైతే ఊడదీయడమే పెద్ద పని. 1890లో బ్రిటన్‌లో వెల్చ్ అనే ఆయన టైరు అంచులో తీగ పెట్టే పద్ధతికి, బార్ట్‌లెట్ అనే ఆయన రిమ్ము అంచుకు రబ్బరు కొక్కెంలా తగులుకునే పద్ధతికి పేటెంట్లు తీసుకున్నారు. 1891లో ఫ్రాన్స్‌లో మిషెలిన్ సోదరులు ఊడదీసి మళ్లీ తగిలించగల సైకిలు టైరు తెచ్చారు. దాన్ని రిమ్ముకు పట్టి ఉంచింది బోల్టులే. ఆ టైర్లతోనే షార్ల్ తెరాన్ ఆ ఏడాది పారిస్-బ్రెస్ట్-పారిస్ సైకిలు పందెం గెలిచాడు.

కాలక్రమంలో వెల్చ్ తీగ అంచే నిలిచింది, బోల్టులు పోయాయి. 1940ల చివర్లో అమెరికాలో గుడ్‌రిచ్ కంపెనీ ట్యూబు లేని టైరును ముందుకు తెచ్చింది. దాన్ని రూపొందించిన ఫ్రాంక్ హెర్జెగ్‌కు 1952లో పేటెంట్ దక్కింది. దాంతో బీడ్ బాధ్యత రెట్టింపైంది. టైరును పట్టి ఉంచడమే కాదు, గాలి బయటికి పోకుండా మూత వేయడమూ దాని పనే అయింది. కార్ల రిమ్ములో బీడ్ కూర్చునే చోటు 5 డిగ్రీల వాలుతో ఉంటుంది. గాలి కొట్టేకొద్దీ అంచు ఆ వాలు ఎక్కి ఇంకా బిగుసుకుంటుంది. మామూలు రోడ్డుకు ఇంతకంటే తెలివైన ఏర్పాటు అక్కర్లేదు.

యుద్ధం వేసిన తాళం

గాలి తగ్గించే విద్య ఎడారుల్లో పదునెక్కింది. బ్రిటిష్ సైనికాధికారి రాల్ఫ్ బాగ్నోల్డ్ 1920ల చివరి నుంచి లిబియా ఎడారిలో కార్లతో తిరుగుతూ, టైర్ల గాలి తగ్గించి ఇసుక దాటే మెళకువలకు మెరుగు పెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో నీళ్లలోనూ నేలమీదా నడిచే అమెరికన్ లారీ డక్‌లో డ్రైవరు తన సీటులో కూర్చునే టైర్ల గాలి పెంచి, తగ్గించే ఏర్పాటు పెట్టారు.

అదే యుద్ధంలో జీపులకు రెండు ముక్కల కంబాట్ రిమ్ములు వచ్చాయి. రెండు సగాలనూ టైరులోకి రెండు వైపుల నుంచి చొప్పించి, మధ్యలో అంచులను నొక్కి ఉంచే రింగు పెట్టి, నట్లతో బిగిస్తారు. తూటా తగిలి గాలి పోయినా టైరు ఊడకుండా బండి కొంత దూరం నడిచి, అందులోని వాళ్లు ప్రాణాలతో బయటపడాలన్నదే ఉద్దేశం. తర్వాతి కాలపు అమెరికా సైనిక బండి హమ్వీ చక్రాలదీ ఇదే సూత్రం. యుద్ధం ముగిశాక మట్టి ట్రాకుల మీద పందేలు ఆడేవాళ్లు, కొండ బాటల్లో జీపులు తోలేవాళ్లు ఈ ఆలోచనను తమ గ్యారేజీల్లోకి తెచ్చుకున్నారు. డ్రాగ్ పందేల్లో కొందరు రిమ్ములోంచి బీడ్‌లోకి నేరుగా స్క్రూలు దించేవారు. ఇవాళ్టి రింగు, బోల్టుల బీడ్‌లాక్ అదే పనిని ఇంకా గట్టిగా చేస్తుంది.

కంటోన్మెంటు నుంచి బాలానగర్ దాకా

ఈ కథకు సికింద్రాబాద్ పరాయి ఊరు కాదు. 1806లో మొదలైన ఈ కంటోన్మెంటులో గుర్రాలు, ఎడ్లబండ్లు పోయి మోటారు బండ్లు వచ్చాయి. సైన్యపు వాహనాలను, ఆయుధాలను బాగుచేసే ఈఎంఈ కోర్ 1943 అక్టోబరు 15న, రెండో ప్రపంచ యుద్ధపు రోజుల్లోనే పుట్టింది. దాని అధికారులకు, జవాన్లకు చదువు చెప్పే మిలిటరీ కళాశాల మన తిరుమలగిరిలోనే ఉంది. సైన్యం వేలం వేసిన జీపులు, జిప్సీలు, జబల్‌పూర్‌లో తయారైన జోంగా బండ్లు దేశమంతటా మామూలు జనం చేతుల్లోకి వచ్చాయి. ఆఫ్‌రోడ్ సరదాకు పునాది వేసిన బండ్లలో వాటికి పెద్ద చోటే ఉంది.

నగరం నుంచి ముంబై హైవే పట్టుకుంటే సదాశివపేటలో ఎంఆర్ఎఫ్ టైర్ల ఫ్యాక్టరీ, ఇంకా ముందుకెళ్తే జహీరాబాద్‌లో మహీంద్రా ఫ్యాక్టరీ ఉన్నాయి. ఆ జహీరాబాద్‌లో అంతకుముందు ఆల్విన్ నిస్సాన్ లారీలు తయారయ్యేవి. బోల్టులు, ఉక్కు సామాన్లకు రాణిగంజ్ ఉంది. ప్లేటు కోయించి లేతు మీద పట్టించడానికి బాలానగర్ షెడ్లున్నాయి. 1968లో నెలకొన్న కేంద్ర టూల్ డిజైన్ సంస్థ ఉన్నదీ బాలానగర్‌లోనే. ఒక చక్రం చేయడానికి కావలసిన చెయ్యి, కన్ను, యంత్రం అన్నీ కూతవేటు దూరంలో ఉన్న ఊరు ఇది.

చేతిలో చక్రం

తయారీలో మొదటి మెట్టు మంచి స్టీలు రిమ్ము ఎంచుకోవడం. వంకర, తుప్పు, పాత వెల్డింగు ఉన్నది పనికిరాదు. అలాయ్ రిమ్ముకు ఉక్కు రింగు వెల్డింగ్ పట్టదు. రిమ్ము బయటి అంచు చుట్టూ మొదటి రింగును వెల్డింగ్ చేస్తారు. టైరు బయటి బీడ్ పాత చోటులో కూర్చోకుండా ఈ రింగు మీదికి వస్తుంది. దాని మీద రెండో రింగు పెట్టి బోల్టులతో బిగిస్తారు. లోపలి వైపు బీడ్‌ను సాధారణంగా అలాగే వదిలేస్తారు. రాయి ఎక్కువగా తగిలేది బయటి వైపే.

అసలు విద్య వెల్డింగులో ఉంది. ఒకే ఊపులో చుట్టూ లాగితే వేడికి రిమ్ము మెలిక పడుతుంది. ఇక్కడో అంగుళం, ఎదురుగా ఇంకో అంగుళం, చల్లారనిచ్చి పక్కన మరొకటి. అలా ఓపికగా నింపుకుంటూ రావాలి. ఆ తర్వాత చక్రాన్ని తిప్పుతూ డయల్ గేజ్ పెట్టి ఊగు ఎంతుందో చూడాలి. గాలి కొట్టి సబ్బు నీళ్లు పూస్తే సూది మొనంత రంధ్రం ఉన్నా బుడగ చెప్పేస్తుంది.

బోల్టుల బలం చూడండి. 15 అంగుళాల చక్రానికి 8 మిల్లీమీటర్ల బోల్టులు 32 వేశామనుకుందాం. ఒక్కోదాన్ని టార్క్ రెంచితో 20 న్యూటన్ మీటర్లకు బిగిస్తే, ఒక బోల్టు సుమారు 1,250 కిలోల బలంతో నొక్కుతుంది. అన్నీ కలిపితే 40 టన్నులు! కానీ ఆ బలం సమంగా పడాలి. వరసగా బిగించుకుంటూ పోతే ఒక వైపు నలిగి మరో వైపు వదులవుతుంది. ఎదురెదురుగా, విడతలు విడతలుగా బిగించాలి. రింగుల మధ్య ఖాళీ బీడ్ మందానికి సరిపోవాలి. ఖాళీ ఎక్కువైతే పట్టు దొరకదు. తక్కువైతే బయటి రింగు గొడుగులా వంగి బోల్టులను వంచేస్తుంది. పైగా రబ్బరు నలిగే కొద్దీ సర్దుకుంటుంది. నిన్న సరిగ్గా ఉన్న బిగువు ఇవాళ తగ్గి ఉంటుంది. అందుకే కొద్ది దూరం నడిపాక ఒకసారి, ప్రతి ప్రయాణానికి ముందు మరోసారి టార్క్ రెంచి పట్టుకోవాలి. గాలి మన ప్రమేయం లేకుండా క్షణక్షణం చేసే పని ఇప్పుడు మన చేతి మీద పడుతుంది. బీడ్‌లాక్ గురించి గుర్తుంచుకోవాల్సిన అసలు విషయం ఇదే.

రోడ్డెక్కితే

31 అంగుళాల టైరు కిలోమీటరుకు దాదాపు 400 సార్లు తిరుగుతుంది. తిరిగిన ప్రతిసారీ వెల్డింగు ఒకసారి వంగి లేస్తుంది. వెయ్యి కిలోమీటర్లకు నాలుగు లక్షల వంపులు. కంటికి కనిపించని చీలిక అలసటతో పెరిగి ఒకనాడు తెగుతుంది. రాళ్లలో అయిదు కిలోమీటర్ల వేగంలో తెగితే బండి ఆగుతుంది. హైవే మీద తెగితే మనుషులు పోతారు. కంపెనీలు తమ రిమ్ములను వంపు, బరువు, దెబ్బ పరీక్షలకు గురిచేసి గానీ అమ్మవు. షెడ్డులో చేసిన చక్రానికి ఆ పరీక్షలు జరగవు. రింగులు, బోల్టులతో చక్రానికి కొన్ని కిలోల అదనపు బరువూ చేరుతుంది.

చట్టమూ ఇదే వైపు ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చడాన్ని అడ్డుకుంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సంగతి స్పష్టం చేసింది. విదేశీ కంపెనీలు అమ్మే అనేక బీడ్‌లాక్ చక్రాల మీద సైతం రోడ్డుకు కాదన్న హెచ్చరిక ఉంటుంది. కనుక సొంత బీడ్‌లాక్ చోటు మూసిన ట్రాకు, సొంత పొలం, పోటీ మైదానం. అక్కడికి వేరే బండి మీద తీసుకెళ్లాలి, లేదా మామూలు చక్రాలతో వెళ్లి అక్కడ మార్చుకోవాలి.

ఒక మనవి. సరదా పడే యువకులు ముందు మంచి ప్రెషర్ గేజ్, చిన్న కంప్రెసర్ కొనుక్కోండి. 15 నుంచి 18 పీఎస్ఐ దగ్గర నెమ్మదిగా నడిపితే మన రాళ్లు, రేగడి చాలావరకు మామూలు రిమ్ములతోనే దాటవచ్చు. రోడ్డెక్కే ముందు గాలి మళ్లీ నింపడం మరవకండి. అంతకు మించి కావాలంటేనే బీడ్‌లాక్ జోలికి వెళ్లండి. జంట నగరాల ఇంజనీరింగ్ కళాశాలలకూ సాంకేతిక సంస్థలకూ మరో విన్నపం. చిన్న షెడ్లలో తయారైన ఇలాంటి పనితనాన్ని పరీక్షించి, లోపం ఉంటే చూపించే ఏర్పాటు చేయండి. వెల్డింగులో చీలికను పట్టిచ్చే ఎర్రరంగు పరీక్షకు పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. ఈ ఊళ్లో చేతి నేర్పుకు కొదవ లేదు. ఆ నేర్పుకు పరీక్ష తోడైతేనే దాన్ని నమ్మి బండెక్కిన వాడు క్షేమంగా ఇల్లు చేరతాడు.