ఈటీఎఫ్: యూనిట్ ధర, దాని విలువ

మ్యూచువల్ ఫండ్ యూనిట్లను ఆ రోజు నికర ఆస్తి విలువ ప్రకారం ఫండ్ సంస్థ నుంచే కొంటామని గత భాగంలో చదివారు. ఈటీఎఫ్ యూనిట్లను అలా కాక, షేర్ల మాదిరిగా డీమ్యాట్ ఖాతా ద్వారా స్టాక్ ఎక్స్ఛేంజీలో కొంటారు. మన దేశపు మొదటి ఈటీఎఫ్, నిఫ్టీ బీస్, 2002 జనవరిలో ఇలాగే ఎన్‌ఎస్‌ఈలో నమోదైంది.

కాబట్టి ఈటీఎఫ్ యూనిట్ మార్కెట్ ధర, దాని నికర ఆస్తి విలువ ఒకటి కానక్కరలేదు. సాధారణంగా రెండూ దగ్గరగానే ఉంటాయి. ధర పెరిగితే మార్కెట్ మేకర్లు ఫండ్ సంస్థ నుంచి కొత్త యూనిట్లు తీసుకొని ఎక్స్ఛేంజీలో అమ్ముతారు, ధర దిగివస్తుంది.

ఈ దారి మూసుకుపోతే ఏమవుతుంది? విదేశీ సెక్యూరిటీలలో మన మ్యూచువల్ ఫండ్లన్నీ కలిపి పెట్టగల సొమ్ముకు 700 కోట్ల డాలర్ల పరిమితి ఉంది. అది నిండవస్తుండటంతో 2022 ఆరంభంలో కొత్త పెట్టుబడులు ఆపమని సెబీ సూచించింది. కొత్త యూనిట్లు రావడం ఆగింది గాని, కొనేవారు ఆగలేదు. నాస్‌డాక్ 100 సూచీ ఈటీఎఫ్‌లు విలువకు మించిన ధర పలికాయి.

ఉదాహరణకు, 100 రూపాయల విలువగల యూనిట్‌ను మీరు 112కు కొన్నారనుకోండి. సూచీ కదలకపోయినా, ఆ అదనపు ధర కరిగిపోతే మీ పెట్టుబడిలో సుమారు 10.7 శాతం పోయినట్లే. సూచీ పెరుగుతోందన్న ఉత్సాహంలో చాలామంది ఈ లెక్క చూడరు.

కొనేముందు ఫండ్ సంస్థ వెబ్‌సైటులో ఆ సమయానికి చూపే నికర ఆస్తి విలువను మార్కెట్ ధరతో పోల్చండి. తరువాత మీరు ఇవ్వదలచిన గరిష్ఠ ధరతో లిమిట్ ఆర్డర్ పెట్టండి. లావాదేవీలు పలుచగా జరిగే ఈటీఎఫ్ అయితే అమ్మేటప్పుడూ ఇంతే జాగ్రత్త అవసరం.