సింధు నగరాలు: కూలినవీ, నిలిచినవీ

ఒక నాగరికత అంతరించిందని చదివినప్పుడు, గాలికి దీపమారినట్లు అది ఒక్కసారిగా మాయమైందని మనం ఊహించుకుంటాం. పురావస్తు శాస్త్రం చెప్పే కథ వేరు.

1921లో హరప్పాలో దయారాం సాహ్ని, 1922లో మొహెంజొదారోలో రాఖాల్‌దాస్ బెనర్జీ త్రవ్వకాలు సాగించారు. 1924లో సర్ జాన్ మార్షల్ ఈ నాగరికతను లోకానికి ప్రకటించారు. మొహెంజొదారోలో లభించిన అస్థిపంజరాలను బట్టి, దండయాత్రలే ఈ నగరాలను నాశనం చేశాయని మార్టిమర్ వీలర్ తలచారు. కాని అవన్నీ ఒకే కాలానివి కావనీ, యుద్ధచిహ్నాలేవీ లేవనీ 1964లో జార్జ్ డేల్స్ వాదించారు.

మరి ఈ పతనానికి హేతువేమిటి? సుమారు 4,200 ఏళ్ల క్రితం ఋతుపవనాలు బలహీనపడ్డాయని సరస్సుల అడుగు మట్టి, గుహలలోని సున్నపు నిక్షేపాలు సూచిస్తున్నాయి. మెసొపొటేమియాతో వాణిజ్యమూ సన్నగిల్లింది. కష్టాలు ఒకటి వెంట ఒకటి వచ్చాయి.

అలాగని వారు ముందుచూపు లేనివారు కారు. 2021లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన కచ్ఛ్‌లోని ధోలావీరాను చూడండి. వానాకాలంలో మాత్రమే పారే రెండు వాగులకు అడ్డుకట్టలు కట్టి, ఆ నీటిని విశాలమైన జలాశయాలలో నిలువచేసి, ఆ ఎండిన నేలపై వెయ్యేళ్లకు పైగా నగరాన్ని నిలిపారు. అయినా చివరి దశలో అక్కడ మిగిలినవి గుండ్రని చిన్న గుడిసెలే!

నగరాలు క్షీణించినా ప్రజలు నశించలేదు. అనేకులు తూర్పు దిశగా సాగి చిన్న గ్రామాలలో స్థిరపడ్డారు. గుజరాత్ ప్రాంతంలో తక్కువ నీటితో పండే చిరుధాన్యాలకు ప్రాధాన్యం పెరిగింది. సేద్యం, కుండల తయారీ, పూసల పని కొనసాగాయి. పోయినవి ముద్రికలు, ప్రామాణికమైన తూనికరాళ్లు, లిపి. ఆ లిపిని నేటికీ సర్వసమ్మతంగా చదవగలిగినవారు లేరు.

విద్యార్థి మిత్రులారా! ఇందులో మనకొక హెచ్చరిక కనిపిస్తున్నది. ఇంటింటా చేతి నుంచి చేతికి అందిన విద్య కరువును దాటింది. నగరాన్నీ వ్యాపారాన్నీ ఆశ్రయించి కొద్దిమంది వద్దనే ఉండిన విద్య వాటితోనే అస్తమించినట్లు తోస్తుంది. మన ఈ వార్షిక సంచికలో రెండు లిపులు ప్రక్కప్రక్కన నిలిచాయి. వాటిని నిలుపవలసినది అచ్చుయంత్రం కాదు, నేర్చుకొని మరొకరికి నేర్పే మనమే.