విమానంలో ఇరవై గంటలు - మీ కాళ్ళు జాగ్రత్త!

అమ్మాయి పురిటికనో, మనవణ్ణి చూడాలనో ఎందరో పెద్దవాళ్ళు అమెరికా వెళుతున్నారు. ఆవకాయ ఏ పెట్టెలో సర్దాలో నెల ముందే ఆలోచిస్తారు గాని, తమ కాళ్ళ సంగతి ఆలోచించేవారు తక్కువ.

హైదరాబాదు నుంచి దుబాయి మీదుగా శాన్‌ఫ్రాన్సిస్కో ప్రయాణమే తీసుకోండి. దుబాయికి సుమారు 2,550 కిలోమీటర్లు. దాదాపు 4 గంటలు. అక్కడినుంచి మరో 13,000 కిలోమీటర్లు. ఏకబిగిన 16 గంటలు కూర్చోవాలి.

మనం నడిచినప్పుడు పిక్కల కండరాలు సిరలను నొక్కి, రక్తాన్ని పైకి నెడతాయి. కదలకుండా కూర్చుంటే ఆ పని మందగిస్తుంది. లోపలి సిరల్లో రక్తం గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. 4 గంటలు మించిన ప్రయాణాలలో ఈ ముప్పు సుమారు రెండింతలవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో తెలిపింది. ఆరోగ్యవంతులలో ఇది 6,000 మందిలో ఒకరికి మాత్రమే కనుక భయపడనక్కరలేదు. అయితే లోగడ రక్తం గడ్డకట్టినవారు, ఇటీవల ఆపరేషను అయినవారు, కాన్సరు రోగులు, స్థూలకాయులు, గర్భిణులు ముందుగా డాక్టరును సంప్రదించాలి. బిగుతు మేజోళ్ళు, మందులు ఆయన చెబితేనే వాడండి. ఎవరో చెప్పారని ఆస్పిరిన్ మింగకండి.

నడవ పక్క సీటు అడగండి. గంటకో, రెండు గంటలకో లేచి నాలుగడుగులు వేయండి. కూర్చున్నచోటనే మడమలు ఎత్తి దించుతూ ఉండండి. పక్కవారిని లేపాలన్న మొహమాటంతో కొందరు మంచినీళ్ళు మానేస్తారు. అది తప్పు. విమానంలో గాలి బాగా పొడిగా ఉంటుంది.

లోపలి గాలి ఒత్తిడి కూడా ఇంచుమించు ఊటీ కొండమీద ఉన్నంతే. గుండెజబ్బు, ఉబ్బసం, తీవ్ర రక్తహీనత ఉన్నవారు పరీక్ష చేయించుకునే బయలుదేరాలి.

చక్కెర వ్యాధి ఉన్నవారికి మరో చిక్కు. అక్కడి గడియారం మనకంటే చలికాలంలో పదమూడున్నర గంటలు, వేసవిలో పన్నెండున్నర గంటలు వెనక ఉంటుంది. ఆ మేరకు మీ రోజు సాగుతుంది. ఏ మోతాదు ఎప్పుడో డాక్టరు చేత కాగితం మీద రాయించుకోండి. ఇన్సులిన్ చేతిసంచీలోనే ఉంచండి. సామాను గదిలో గడ్డకట్టుకుపోయే ప్రమాదముంది.

దిగాక రెండు పాదాలూ కాస్త వాచినా ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. ఒక్క కాలి పిక్క మాత్రమే వాచి, నొప్పిగా, వేడిగా ఉన్నా, హఠాత్తుగా ఆయాసం, ఛాతీ నొప్పి వచ్చినా, కొన్ని వారాల తరువాతైనా సరే, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. "అల్లుడిగారికి ఖర్చు, పిల్లకు కంగారు" అని దాచుకోవద్దు. ఆ ఖర్చుకోసమే బయలుదేరేముందు ప్రయాణ బీమా తీసుకోండి. పురిటికి వెళ్ళిన తల్లి క్షేమంగా ఉంటేనే బాలింతకు ఆసరా.