మహమ్మారి వేళ పట్టణ సేవలు

అంటువ్యాధి ప్రబలినప్పుడు ప్రభుత్వం ప్రజలకు ఇచ్చే మొదటి సూచన ఇల్లు కదలవద్దని. వినడానికి ఇది తేలికైన మాట; ఆచరణలో ఎంతో కష్టమైనది. ఒక కుటుంబం పదిహేను రోజులు గడప దాటకుండా ఉండాలంటే కుళాయికి నీరు రావాలి. విద్యుత్తు నిలిచిపోకూడదు. పాలు, బియ్యం, కూరగాయలు, మందులు ఇంటికి చేరాలి. ఇంట్లోని చెత్త ఏ రోజుకారోజు బయటికి పోవాలి. ఇవన్నీ సక్రమంగా జరగాలంటే కొందరు తప్పనిసరిగా తమ ఇళ్ళు విడిచి రావాలి. పదిమంది ఇంట్లో క్షేమంగా ఉండడానికి ఒక్కరు వీధిలో నిలబడవలసి ఉంటుంది. ఆ ఒక్కరి శ్రమ మీద, ఆ శ్రమను నడిపించే వ్యవస్థ మీద పట్టణ భద్రత ఆధారపడి ఉంటుంది. 2020లో మన దేశాన్ని చుట్టుముట్టిన కోవిడ్-19 మహమ్మారి ఈ సత్యాన్ని అందరి అనుభవంలోకీ తెచ్చింది.

పురపాలన - ప్రజారోగ్యం

మన రాజ్యాంగానికి 1992లో చేసిన 74వ సవరణ పట్టణ స్థానిక సంస్థలకు రాజ్యాంగ ప్రతిపత్తిని కల్పించింది. ఆ సవరణతో చేరిన పన్నెండవ షెడ్యూలులో పురపాలక సంఘాలకు అప్పగించదగిన 18 అంశాలు ఉన్నాయి. ప్రజారోగ్యం, పారిశుధ్యం, ఘనవ్యర్థాల నిర్వహణ, నీటి సరఫరా, శ్మశానాల నిర్వహణ, జనన మరణాల నమోదు వాటిలో ముఖ్యమైనవి. మామూలు రోజుల్లో వీటిని ఎవరూ ప్రత్యేకంగా గమనించరు. కుళాయి రాని రోజునే కుళాయి గుర్తుకు వస్తుంది. మహమ్మారి వచ్చినప్పుడు ఈ నిత్యకృత్యాలే ప్రాణరక్షణ సాధనాలవుతాయి.

ఈ విషయంలో చిన్న నగరం పరిస్థితి మరింత సున్నితమైనది. మహానగరంలో పెద్ద ఆసుపత్రులు, నిపుణులైన వైద్యులు, పరీక్షా కేంద్రాలు ఉంటాయి. గ్రామంలో జనసాంద్రత తక్కువ. చిన్న నగరంలో ఇళ్ళు ఒకదానినొకటి ఆనుకొని ఉంటాయి గాని వైద్య వసతులు పరిమితం. చుట్టుపక్కల పల్లెల ప్రజలు సంతకూ, చదువుకూ, వైద్యానికీ అక్కడికే వస్తారు. కాబట్టి రోగం ఆ నగరంలో వ్యాపిస్తే చుట్టూ ఉన్న గ్రామాలన్నింటికీ పాకే ప్రమాదం ఉంటుంది.

చట్టం - నమ్మకం

అంటువ్యాధుల నియంత్రణ కోసం మన దేశంలో చేసిన ముఖ్యమైన చట్టం 1897 నాటిది. 1896లో బొంబాయి నగరంలో ప్లేగు వ్యాధి విజృంభించిన నేపథ్యంలో ఆనాటి బ్రిటిష్ ప్రభుత్వం దీనిని తెచ్చింది. రోగులను వెదకడానికి, వేరు చేయడానికి, ప్రయాణికులను తనిఖీ చేయడానికి ఈ చట్టం అధికారులకు విశేషాధికారాలు ఇచ్చింది. పూనా నగరంలో ప్లేగు కమిటీకి అధ్యక్షుడైన రాండ్ అనే అధికారి సైనికులను ఇళ్ళలోకి పంపి సోదాలు చేయించాడు. స్త్రీల మర్యాదకూ, పూజామందిరాల పవిత్రతకూ భంగం కలిగిందని ప్రజలు ఆగ్రహించారు. 1897 జూన్ 22వ తేదీ రాత్రి చాపేకర్ సోదరులు రాండ్ మీద కాల్పులు జరిపారు. కొద్ది రోజులకు అతడు మరణించాడు. బలప్రయోగానికి భయపడిన ప్రజలు రోగులను దాచిపెట్టసాగారు. దాచిన రోగం తగ్గకపోగా మరింత వ్యాపిస్తుంది. ప్రజల నమ్మకాన్ని పొందలేని ఆరోగ్య చర్య ఎంత కఠినమైనదైనా ఫలించదని ఈ చరిత్ర తెలుపుతున్నది.

2020లోనూ అదే 1897 నాటి చట్టాన్నీ, 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టాన్నీ ప్రభుత్వాలు ఉపయోగించాయి. అయితే ఈసారి ఇంటి ముందుకు వచ్చి ఆరోగ్యం గురించి అడిగినవారు సైనికులు కారు. చాలాచోట్ల వారు ఆ వీధికి పరిచయమైన ఆశా కార్యకర్తలు, ఆరోగ్య సహాయకులు, ఉపాధ్యాయులు. జ్వరం ఉన్నదా, దగ్గు ఉన్నదా, దూరప్రాంతం నుంచి ఎవరైనా వచ్చారా అని వారు వాకిట నిలిచి ప్రశ్నించారు. ప్రసవానికీ, పిల్లల టీకాలకూ తోడుగా నిలిచిన మనిషి అడిగినందువల్ల ఎన్నో ఇళ్ళలో నిజమైన సమాధానం లభించింది.

భిల్వాడా అనుభవం

రాజస్థాన్‌లోని భిల్వాడా వస్త్ర పరిశ్రమకు ప్రసిద్ధి చెందిన నగరం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ నగర జనాభా సుమారు 3.6 లక్షలు, జిల్లా జనాభా సుమారు 24 లక్షలు. 2020 మార్చి మూడవ వారంలో అక్కడి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో వైద్యులకూ, సిబ్బందికీ కోవిడ్ సోకినట్లు తేలింది. ఆ ఆసుపత్రికి అప్పటికే అనేక ప్రాంతాల నుంచి రోగులు వచ్చి వెళ్ళారు. వ్యాధి ఎక్కడెక్కడికి చేరిందో తెలియని స్థితి ఏర్పడింది.

జిల్లా యంత్రాంగం మార్చి 20వ తేదీననే నగరంలో కర్ఫ్యూ విధించింది. దేశవ్యాప్త లాక్‌డౌన్ మార్చి 25న మొదలైందని గుర్తుచేసుకుంటే ఈ నిర్ణయం ఎంత త్వరగా జరిగిందో అర్థమవుతుంది. జిల్లా సరిహద్దులను మూసివేశారు. ఆ ఆసుపత్రికి వచ్చి వెళ్ళినవారి జాబితాను తయారుచేసి, ఇతర జిల్లాల అధికారులకు సమాచారం అందించారు. వందలాది బృందాలు ఇంటింటికీ తిరిగి సర్వే చేశాయి. అనుమానితులను విడిగా ఉంచడానికి హోటళ్ళ గదులను స్వాధీనం చేసుకున్నారు. ఏప్రిల్ 3 నుంచి పది రోజులపాటు మరింత కఠినమైన 'మహా కర్ఫ్యూ' అమలు చేశారు. ఆ రోజుల్లో దుకాణాలు కూడా మూతపడడంతో నిత్యావసర వస్తువులను ఇళ్ళ వద్దకే చేర్చే ఏర్పాటు చేశారు. ఏప్రిల్ మొదటి వారానికి 27 కేసుల వద్ద కొత్త కేసులు దాదాపు ఆగిపోయాయి. కేంద్ర ప్రభుత్వం ఈ విధానాన్ని ఇతర రాష్ట్రాల దృష్టికి తెచ్చింది.

ఈ అనుభవంలో గమనించవలసిన విషయం ఒకటున్నది. తలుపులు మూయించడం ఒక ఉత్తర్వుతో సాధ్యం. మూసిన తలుపుల వెనుక ఉన్నవారికి అన్నం, నీరు, మందు అందించడానికి వేలమంది పని చేయాలి. కర్ఫ్యూ, సరఫరా అనే రెండు చక్రాలూ కలిసి తిరిగినందువల్లనే ఆ బండి ముందుకు సాగింది. అయినప్పటికీ మిల్లులు మూతపడినందువల్ల రోజుకూలీ మీద బతికే కార్మికులు మిగిలినవారి కంటె ఎక్కువ బాధలు పడ్డారు. వ్యాధి అందరికీ ఒకటే అయినా దాని భారం అందరి మీదా సమానంగా పడలేదు.

నీరు - పారిశుధ్యం

చేతులు తరచుగా కడుక్కోవాలన్న నియమం నీటి సరఫరా శాఖపై అదనపు భారాన్ని మోపింది. కుటుంబ సభ్యులందరూ రోజంతా ఇంట్లోనే ఉన్నందువల్ల గృహావసరాలకు నీటి వాడకం పెరిగింది. నీటిశుద్ధి కేంద్రంలో క్లోరిన్ కలిపే ఉద్యోగి, వాల్వులు తిప్పే కార్మికుడు, మోటార్లు నడిపే ఆపరేటర్ సెలవు తీసుకునే వీలులేదు. వారిలో ఒకరు జబ్బుపడితే ఒక పేటకు నీరు ఆగిపోవచ్చు. అందుకే సిబ్బందిని జట్లుగా విభజించి, ఒక జట్టు మరొక జట్టును కలవకుండా పని చేయించడం మంచి పద్ధతి. ఒక జట్టు జబ్బుపడినా రెండవ జట్టు పని కొనసాగిస్తుంది.

చెత్త నిర్వహణలో మరింత జాగ్రత్త అవసరమైంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో ఇందుకు ప్రత్యేక మార్గదర్శకాలు జారీ చేసింది. వ్యాధిగ్రస్తుల చికిత్సలో వెలువడే వ్యర్థాలను పసుపురంగు సంచులలో వేరుగా సేకరించి, జీవవైద్య వ్యర్థాల శుద్ధి కేంద్రాలకు పంపాలి. సాధారణ గృహాల్లో వాడి పారవేసే మాస్కులను, చేతి తొడుగులను కాగితపు సంచిలో కనీసం 72 గంటలు ఉంచిన తరువాత పొడిచెత్తలో వేయాలి. ఈ నియమం ఇంటివారి కోసం చేసింది కాదు; ఆ సంచిని రేపు చేతితో ఎత్తబోయే కార్మికుని కోసం చేసింది.

తొందరపాటులో కొన్ని పొరపాట్లూ జరిగాయి. మొదట్లో కొన్నిచోట్ల మనుషుల మీదనే క్రిమిసంహారక ద్రావణాలను చల్లారు. ఇది కళ్ళకూ, చర్మానికీ, శ్వాసకోశానికీ హాని చేస్తుందనీ, ఇలా చేయరాదనీ కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2020 ఏప్రిల్‌లో స్పష్టం చేసింది. కంటికి కనిపించే పనులన్నీ ప్రయోజనకరమైనవి కావు. శాస్త్రజ్ఞానం తోడైనప్పుడే సేవ సార్థకమవుతుంది.

ఆహార సరఫరా

ప్రజలు ఎక్కువగా గుమికూడే చోటు కూరగాయల మార్కెట్టు. దానిని మూసివేస్తే ప్రజలకు ఆహారం ఉండదు. రైతుకు ఆదాయం ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో దీనికి ఒక మధ్యేమార్గం అనుసరించారు. ఇరుకైన రైతుబజార్లను విడదీసి పాఠశాలల ఆవరణలకూ, విశాలమైన మైదానాలకూ తరలించారు. కొనుగోలుదారులు ఎడం పాటించడానికి నేలమీద సున్నంతో గుర్తులు గీశారు. 2019లో ఏర్పడిన వార్డు సచివాలయాల సిబ్బంది, ఆనాడు పనిచేసిన వాలంటీర్లు ఇంటింటి సమాచార సేకరణలో పాల్గొన్నారు.

కేంద్ర ప్రభుత్వం ప్రధానమంత్రి గరీబ్ కల్యాణ్ అన్న యోజన కింద 2020 ఏప్రిల్ నుంచి ఆహార భద్రత కార్డుదారులకు మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం ఉచితంగా అదనంగా ఇచ్చింది. బడులు మూతపడినందువల్ల మధ్యాహ్న భోజనం ఆగిపోయిన పిల్లలకు ఆంధ్రప్రదేశ్‌లో బియ్యం, గుడ్లు, చిక్కీలు ఇళ్ళకు అందించారు. అయితే చౌకధరల దుకాణం పేర్ల పట్టికను అనుసరించి నడుస్తుంది. పట్టికలో పేరులేని వలస కూలీ ఆకలి దానికి కనిపించదు. సొంత ఊళ్ళకు కాలినడకన బయలుదేరిన లక్షలాది కూలీలు ఆ లోపాన్ని దేశానికి చూపించారు. అటువంటి వారికి అన్నం పెట్టడంలో స్వచ్ఛంద సంస్థలు, దేవాలయాలు, గురుద్వారాలు, మసీదులు, చర్చిలు, సాధారణ గృహస్థులు ముందుకు వచ్చారు.

అంతిమ సేవ - నమోదు

పురపాలక సంఘం చేసే పనులలో అత్యంత కఠినమైనది మృతుల అంత్యక్రియలు. 2020లో అంత్యక్రియలకు 20 మందికి మించి హాజరు కారాదన్న నిబంధన ఉండేది. వ్యాధి భయంతో బంధువులు సైతం దగ్గరకు రాని సందర్భాలలో పురపాలక సిబ్బందే ఆత్మీయులై ఆ కార్యం నిర్వహించారు. 2021 ఏప్రిల్, మే నెలల్లో రెండవ అల వచ్చినప్పుడు అనేక నగరాల్లో శ్మశానాల ముందు వాహనాలు బారులు తీరాయి.

జనన మరణాల నమోదు చట్టం 1969 ప్రకారం ప్రతి మరణాన్నీ 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. ఇది కేవలం కార్యాలయ వ్యవహారంగా కనిపించవచ్చు. కాని ఏ పేటలో మరణాలు పెరుగుతున్నాయో తెలిస్తేనే అక్కడికి వైద్యబృందాన్ని పంపడం సాధ్యమవుతుంది. మరణ ధ్రువీకరణ పత్రం ఉంటేనే అనాథలైన పిల్లలకూ, భర్తను కోల్పోయిన స్త్రీకీ రావలసిన సహాయం అందుతుంది. లెక్కకు రాని మరణం సమాజం దృష్టికీ రాదు.

సేవకుల రక్షణ

ఒక నగరం ఎంత సమర్థంగా పనిచేసినా అన్నీ తన చేతిలో ఉండవు. రెండవ అలలో ఆక్సిజన్ కొరత తలెత్తినప్పుడు సుదూర ప్రాంతాల సహాయం అవసరమైంది. 2021 ఏప్రిల్‌లో తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ రైలు విశాఖపట్నం ఉక్కు కర్మాగారంలో ప్రాణవాయువు నింపుకొని మహారాష్ట్రకు వెళ్ళింది.

కాని తన సేవకులను కాపాడుకోవడం మాత్రం ప్రతి నగరం చేతిలోనూ ఉన్న పని. మాస్కులు, చేతి తొడుగులు, సబ్బులు, సకాలంలో జీతం, జబ్బు చేస్తే వేతనంతో కూడిన సెలవు, బీమా వంటివి వారికి దయతో ఇచ్చే కానుకలు కావు, వారి హక్కులు. పారిశుధ్య కార్మికులలో చాలామంది ఒప్పంద పద్ధతిపై పనిచేస్తున్నవారే. ఆశా కార్యకర్తలకు లభించేది గౌరవ వేతనం, ప్రోత్సాహకాలు మాత్రమే. 2020 ఆగస్టులో వారు రక్షణ సామగ్రి కోసం, న్యాయమైన ప్రతిఫలం కోసం దేశంలో అనేకచోట్ల సమ్మె చేశారు. 2022 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశా కార్యకర్తలను పురస్కారంతో గౌరవించింది. ప్రజలు చప్పట్లు కొట్టి అభినందించడం ఉచితమే. ఆ అభినందన వారి జీతభత్యాలలో కూడా కనిపించినప్పుడే సంపూర్ణమవుతుంది.

2021 జనవరి 16న దేశంలో కోవిడ్ టీకాల కార్యక్రమం ప్రారంభమైంది. ఢిల్లీలో తొలి టీకా వేయించుకున్న వ్యక్తి ఒక పారిశుధ్య కార్మికుడు. హైదరాబాదులోని గాంధీ ఆసుపత్రిలోనూ, విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రిలోనూ తొలి టీకా పారిశుధ్య కార్మికులకే లభించింది. ఎన్నో తరాలుగా అందరికంటె చివర నిలబెట్టిన వారిని సమాజం ఆ ఒక్కరోజు అందరికంటె ముందు నిలబెట్టింది. విపత్తు లేని రోజుల్లో కూడా ఆ స్థానాన్ని వారికి నిలబెట్టగలిగిన నగరమే రాబోయే మహమ్మారిని ధైర్యంగా ఎదుర్కోగలుగుతుంది.

అభ్యాసం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. భిల్వాడా నగరం వ్యాధిని అదుపు చేసిన విధానాన్ని వివరించండి.
2. మహమ్మారి కాలంలో పారిశుధ్య, నీటి సరఫరా సేవల ప్రాముఖ్యాన్ని తెలియజేయండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. పూనా ప్లేగు చరిత్ర తెలిపే నీతి ఏమిటి?
2. మరణాల నమోదు ఎందుకు అవసరం?

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. పన్నెండవ షెడ్యూలులో ఎన్ని అంశాలు ఉన్నాయి?
2. తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కడ ప్రాణవాయువు నింపుకొన్నది?