మీకు తెలుసా? అమెరికాలో పేదరికానికీ ఓ మ్యాపు ఉంది

అంత డబ్బున్న దేశంలో పేదలెందుకున్నారని అడిగితే చాలామంది చదువు లేకనో, కష్టపడకనో అంటారు. పాత చట్టాలు, ప్రభుత్వ కాగితాలు తిరగేస్తే ఆ మాట నిలవదు.

• 1933లో ఏర్పడిన హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ అనే ప్రభుత్వ సంస్థ ఆ దశాబ్దంలోనే 200కు పైగా నగరాలకు రంగుల మ్యాపులు తయారుచేయించింది. అప్పివ్వడానికి భద్రమైన పేటలకు ఆకుపచ్చ, ప్రమాదకరమైనవాటికి ఎరుపు. నల్లజాతివారుండే పేటలు దాదాపు అన్నీ ఎరుపులోకే వెళ్లాయి. గృహరుణాలకు పూచీపడే ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్‌దీ అదే ధోరణి. నెలనెలా జీతం వస్తున్నా, ఉంటున్న వీధిని బట్టి అప్పు పుట్టేది కాదు. 1968లో చట్టం ఈ వివక్షను నిషేధించేనాటికే తెల్లవారి ఇళ్ల విలువ పెరిగి, పిల్లలకు ఆస్తిగా అందడం మొదలైంది. 2022 లెక్కల్లో నడిమి స్థాయి తెల్లజాతి కుటుంబం ఆస్తి 2,85,000 డాలర్లు, నల్లజాతి కుటుంబానిది 44,900.

• 1935 నాటి సోషల్ సెక్యూరిటీ చట్టం పొలం కూలీలను, ఇళ్లలో పనిచేసేవాళ్లను పింఛనుకు దూరంగా ఉంచింది. అప్పట్లో నల్లజాతి శ్రామికుల్లో ఎక్కువమంది చేసేది ఆ పనులే.

• బడులకు వచ్చే డబ్బులో పెద్ద వాటా స్థానిక ఆస్తిపన్నుది. టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో, మెక్సికన్ మూలాలవారు ఎక్కువగా ఉండే ఎడ్జ్‌వుడ్‌లో 1960ల చివర 100 డాలర్ల ఆస్తికి 1.05 డాలర్ల పన్ను కట్టేవారు. అయినా ఆ పన్ను నుంచి ఒక్కో విద్యార్థికి సమకూరింది 26 డాలర్లే. ఆ నగరాన్ని ఆనుకునే ఉన్న సంపన్న అలామో హైట్స్‌లో పన్ను 85 సెంట్లు, విద్యార్థికి వచ్చింది 333 డాలర్లు! ఎక్కువ శాతం కట్టినవాళ్ల పిల్లలకే తక్కువ దక్కింది. తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. 1973లో సుప్రీంకోర్టు 5–4 తేడాతో వారి వాదనను తోసిపుచ్చింది. నా దృష్టిలో ఆ దేశంలో పేద పిల్లలకు జరిగిన పెద్ద అన్యాయాల్లో ఇదొకటి. డాలస్ శివార్లలో ఇల్లు కొనే మనవాళ్లు ముందు స్కూల్ డిస్ట్రిక్ట్ ఏదని ఆరా తీసేదీ ఇలా పేటను బట్టి బడి మారుతుంది కనుకే. కొనగలిగినవాళ్లు మంచి బడి దగ్గరికి చేరతారు, అక్కడి ఇళ్ల ధరలు ఇంకా పెరుగుతాయి.

• ఫెడరల్ కనీస వేతనం 2009 నుంచి గంటకు 7.25 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. టిప్పుల మీద బతికే హోటల్ సర్వర్లకైతే యజమాని 2.13 డాలర్లిస్తే చాలు, టిప్పులు కలిపినా 7.25కు తగ్గితేనే మిగతాది భరించాలి. ఈ 2.13 అనే అంకె 1991 నుంచి కదల్లేదు. చాలా రాష్ట్రాలు సొంతంగా పెంచుకున్నాయి. టెక్సస్ పెంచలేదు.