పాఠశాలానంతర బోధనలో పరిభాషా సమస్య: హజీరా – సూరతు ప్రాంతపు తెలుగు బాలలు

పాఠశాల విడిచిన పిమ్మట విద్యార్థులకు జరుపు అదనపు బోధనను గుఱించిన చర్చలలో కాలము, ఉపాధ్యాయుల సంఖ్య, పరీక్షాఫలితములు అను మూడంశములే సాధారణముగా ప్రధానము లగుచున్నవి. భాషాశాస్త్రమునకు సంబంధించిన నాలుగవ అంశ మొకటి కలదు. అది పరిభాష. ఇంట నొక భాషయు, బడిలో వేఱొక భాషయు గల బాలునకు ఆఱు, ఏడు, ఎనిమిది తరగతులలో ఎదురగు కష్టము పలుమాఱులు విషయమునకు సంబంధించినది కాదు. ఆ విషయమును తెలుపు పదమునకు సంబంధించినది. ఈ భేదమును గుర్తింపనిచో అదనపు బోధన పగటి పాఠమును సాయంకాలము మఱల వల్లె వేయించుటగానే ముగియును. గుజరాతు రాష్ట్రమునందలి సూరతు నగరము, దాని చెంతనున్న హజీరా ఈ విషయమును పరిశీలించుటకు అనువైన క్షేత్రములు.

హజీరా తపతీనది సముద్రమున కలియు చోట నున్నది. దానికి సమీపముననే యున్న సువాలీ రేవు 1612లో ఆంగ్లేయులకును పోర్చుగీసువారికిని జరిగిన నౌకాయుద్ధము వలన చరిత్రకెక్కినది. 1980 తరువాత హజీరాలో సహజవాయువు శుద్ధి కేంద్రము, క్రిభ్‌కో వారి ఎరువుల కర్మాగారము, ఉక్కు కర్మాగారము, ఓడరేవు క్రమముగా వెలసినవి. వాటితో దేశము నలుమూలల నుండి ఉద్యోగులు, కార్మికులు చేరిరి. సూరతు నగరమున తెలుగువారి నివాసమునకు కారణము వేఱు. తెలంగాణ జిల్లాల నుండి తరలివచ్చిన పద్మశాలి మొదలగు నేతకుటుంబములు అచ్చటి మరమగ్గముల పరిశ్రమలో స్థిరపడినవి. సూరతు నగరపాలక సంస్థకు చెందిన ప్రాథమిక విద్యాసమితి గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఆంగ్ల మాధ్యమములతోపాటు తెలుగు మాధ్యమమునందును పాఠశాలలను నడుపుచున్నది.

ఇట్టి ప్రాంతమున తెలుగు బాలలు రెండు తెఱగుల వారుగా నుందురు. తెలుగు మాధ్యమమున చదువువారికి భావము తెలుగుపదముతో పరిచిత మగును. పై చదువునకు వేఱు మాధ్యమమున చేరినప్పుడు అచ్చటి పదము కొత్తది. గుజరాతీ మాధ్యమమున చదువువారికి బడిపదము తెలియును. ఇంట పాఠము వివరింపబూనిన తల్లిదండ్రుల పదము తెలియదు. ఇరువురికిని కావలసినది రెండు పరిభాషల నడుమ వంతెన.

ఈ రెండు పరిభాషలకును సంస్కృతమే ప్రధానమైన ఆకరము గావున వంతెన సులభమని తోచును. కాని కష్టము అచ్చటనే కలదు. ఆఱవ తరగతి గణితమున 0, 1, 2, 3 అను వరుసను తెలుగు పాఠ్యగ్రంథములు పూర్ణాంకములని వ్యవహరించును. ఋణసంఖ్యలను గూడ చేర్చినప్పుడు పూర్ణసంఖ్యలనును. గుజరాతీ పాఠ్యగ్రంథములలో ఇది సరిగా తలక్రిందులు. మొదటి వరుస ‘పూర్ణ సంఖ్యా’, ఋణసంఖ్యలతో గూడినది ‘పూర్ణాంక సంఖ్యా’. కావున –3 పూర్ణసంఖ్య యగునా యని యడిగినచో తెలుగున అగునని చెప్పుట ఒప్పు. గుజరాతీలో అదే సమాధానము తప్పు. ఒక భాషలో నేర్చిన బాలుడు రెండవ భాషలో ఆ సమాధానము చెప్పినచో అతనికి ఋణసంఖ్యల జ్ఞానము లేదని ఉపాధ్యాయుడు తలచును. నిజమునకు లేనిది పదముల మార్పిడి మాత్రమే.

క్షేత్రమితిలోను ఇట్టి చిక్కు కలదు. తెలుగున చుట్టుకొలత యనబడునది గుజరాతీలో ‘పరిమితి’. తెలుగు బాలునకు పరిమితి యనగా హద్దు, మించరానిది. చతురస్రమునకు పరిమితి కనుగొనుమన్నప్పుడు అతడు తెల్లబోవుట సహజము. ఇవి రూపము ఒకటియై అర్థము వేఱైన పదములు. అర్థము ఒకటియై రూపము వేఱైనవి రెండవ వర్గము: తెలుగున వైశాల్యము, గుజరాతీలో ‘క్షేత్రఫళ’, తెలుగున కిరణజన్య సంయోగక్రియ, గుజరాతీలో ‘ప్రకాశసంశ్లేషణ’. దశాంశము వలె రూపార్థములు రెండును కలియునవి మూడవ వర్గము. మూడవ వర్గమునకు ప్రత్యేక బోధన యక్కఱలేదు. రెండవదానికి పట్టిక చాలును. మొదటి వర్గమునకు మాత్రము రెండు భాషలు నెఱిగిన ఉపాధ్యాయుడు తప్పక కావలెను.

సంఖ్యావాచకముల నిర్మాణమును గమనింపదగినది. తెలుగున ఇరవై తొమ్మిది యనగా ఇరవైకి తొమ్మిది చేర్చుట. పదము విన్నంతనే అంకెల క్రమము తెలియును. గుజరాతీలో 29 ‘ఓగణత్రీస్’. అనగా ముప్పదికి ఒకటి తక్కువ. సంస్కృతమునందలి ఏకోనత్రింశత్ వంటిదే ఈ నిర్మాణము. 39 ‘ఓగణచాళీస్’. కొత్తగా గుజరాతీ బడిలో చేరిన బాలుడు త్రీస్ అను ధ్వనిని బట్టి పదుల స్థానమున 3 వ్రాయుటకు అవకాశము కలదు. దీనిని గణితదోషముగా దిద్దుట వలన ఫలము లేదు. పదనిర్మాణమును విప్పి చూపినచో ఒక్క సాయంకాలమున తీఱును.

భేదములే గాక సామ్యములును బోధనకు సాధనములు. మనము, మేము అను భేదము హిందీ ‘హమ్’ అను పదమున లేదు. గుజరాతీలో ‘ఆపణే’, ‘అమే’ అను రూపములలో స్పష్టముగా నున్నది. ఈ విషయమున తెలుగు బాలునకు గుజరాతీ వ్యాకరణము పరాయిది కాదు. తన భాష అడ్డంకి గాక ఆధారమని గ్రహించిన బాలునకు కలుగు ధైర్యము పాఠమంతటికిని తోడ్పడును.

శాస్త్రబద్ధమైన ఆధారములును లేకపోలేదు. 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగమున చేరిన 350ఏ అధికరణము భాషాల్పసంఖ్యాక వర్గముల బాలలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధన సౌకర్యములు కల్పింప యత్నింపవలెనని రాష్ట్రములకు విధించుచున్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రతి బాలుని గ్రహణశక్తిని పరిశీలించి, అవసరమైనచో అదనపు బోధన జరుపుట ఉపాధ్యాయుని విధిగా 24వ విభాగమున పేర్కొని, ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషనులు చెప్పరాదని 28వ విభాగమున నిషేధించినది. అనగా అదనపు బోధన వెలకు దొరకు వస్తువు గాక పాఠశాల బాధ్యత యైనది. ఎనిమిది వఱకు మాతృభాషలో బోధించుట మేలని 2020 జాతీయ విద్యావిధానము సూచించినది.

తెలుగువారిలో ఇందుకు పూర్వోదాహరణము కలదు. గిడుగు రామమూర్తి (1863–1940) పర్లాకిమిడి ప్రాంతమున సవరల భాష నేర్చి, ఆ భాషలోనే పుస్తకములు వ్రాసి, వారి పిల్లలకు బడులు నెలకొల్పెను. బాలుడు ఉపాధ్యాయుని భాషకు వచ్చుటకు ముందు ఉపాధ్యాయుడు బాలుని భాషకు పోవలెనని అందలి సారము. అమెరికాలో 2007లో ప్రారంభమైన సిలికానాంధ్ర మనబడి ఉద్దేశము వేఱు. అచ్చట తెలుగే పాఠ్యవిషయము. హజీరా, సూరతులలో తెలుగు పాఠ్యవిషయముగా మాత్రమే గాక, గణిత విజ్ఞానములను అందుకొను నిచ్చెనగాను కావలెను.

1961లో ఏర్పడిన శాస్త్రీయ సాంకేతిక పదావళి సంఘమును, 1968లో స్థాపితమైన తెలుగు అకాడమీయు చేసిన పరిభాషా నిర్మాణము ప్రధానముగా ఆంగ్లపదములకు దేశభాషాపదములను కూర్చునట్టిది. ఒక దేశభాష నుండి మఱియొక దేశభాషకు నేరుగా దారి చూపు పట్టికల యవసరము వలస బాలలకే మిక్కిలి. ఆఱు నుండి ఎనిమిది తరగతుల వఱకు గల గణిత, విజ్ఞాన పదములను పైన చెప్పిన మూడు వర్గములుగా విభజించి, మొదటి వర్గమునందలి ప్రతిపదమునకు ఒక ఉదాహరణమును చేర్చి తెలుగు – గుజరాతీ పట్టికను కూర్చుట విశ్వవిద్యాలయ భాషాశాఖలకు అసాధ్యమైన పని కాదు. అది సాయంకాలపు తరగతి ఉపాధ్యాయుని చేతికి చేరినచో, పరిమితి యను మాటకు తెల్లబోయిన బాలుడు మందబుద్ధి యనిపించుకొనక చుట్టుకొలతను లెక్కింపగలడు.