ఆపరేషన్ తరువాత చిన్నారి నొప్పి: ఏది మామూలు, ఏది ప్రమాదం?

జిన్నారం: బొంతపల్లిలో తయారయ్యే పారాసిటమాల్ ముడి మందు విదేశాలకు ఎగుమతి అవుతోంది. 2016 వరకు జిన్నారం మండలంలోనే ఉన్న ఆ గ్రామం ఇప్పుడు గుమ్మడిదల మండలంలోకి వెళ్లింది. అదే మందును ఎముకల ఆపరేషన్ అయి ఇంటికి వచ్చిన బిడ్డకు ఎంత, ఎన్ని గంటలకోసారి తాగించాలో తెలియక తికమకపడే తల్లిదండ్రులకు మాత్రం ఈ ప్రాంతంలో కొదవ లేదు. తండ్రి కంపెనీలో షిఫ్టు డ్యూటీకి వెళ్లిపోతే, రాత్రంతా ఏడ్చే పిల్లవాడితో తల్లి ఒక్కతే మిగులుతుంది.

పిల్లల్లో ఆపరేషన్ దాకా వెళ్లే ఎముక గాయాల్లో తరచుగా కనిపించేది మోచేతికి కాస్త పైన ఎముక విరగడం. గోడ మీది నుంచో, మంచం మీది నుంచో పడేటప్పుడు చెయ్యి చాచి నేలకు ఆనించడంతో ఇది జరుగుతుంది. అయిదు నుంచి ఏడేళ్ల వారిలో ఎక్కువ. ఎముక పక్కకు జరిగితే మత్తు ఇచ్చి, ఎక్స్‌రే తెర మీద చూస్తూ సరిచేసి, సన్నని ఉక్కు తీగలు గుచ్చి కట్టు వేస్తారు. చాలాసార్లు కోత కూడా అవసరం ఉండదు. మూడు నాలుగు వారాల్లో ఆ తీగలు తీసేస్తారు.

నాటు కట్టుతో ముప్పు

ఆస్పత్రికి బదులు ముందుగా వెదురు బద్దలతో బిగించి కట్టించే అలవాటు పల్లెల్లో ఇంకా పోలేదు. మోచేతి విషయంలో ఇది చాలా ప్రమాదకరం. విరిగిన చోట వాపు పెరుగుతూ ఉంటుంది, బిగుతు కట్టు దానికి చోటివ్వదు. లోపల ఒత్తిడి పెరిగి కండరాలకు రక్తం అందకుండా పోతుంది. ఆ స్థితి కొన్ని గంటలు కొనసాగితే కండరం చచ్చిపోయి, వేళ్లు ముడుచుకుపోయి చెయ్యి శాశ్వతంగా పనికిరాకుండా పోతుంది. జర్మనీ వైద్యుడు వోక్‌మన్ 1881లోనే దీన్ని వర్ణించాడు. ఆస్పత్రిలో వేసిన సిమెంటు కట్టు కింద కూడా ఇది రావచ్చు. అందుకే ఆపరేషన్ తరువాత మొదటి రెండు మూడు రోజులు బిడ్డ ఏడుపును జాగ్రత్తగా వినాలి.

మత్తుకు ముందు

"ఏమీ కాదు, ఊరికే చూపించుకొని వద్దాం" అని మభ్యపెట్టి తీసుకెళ్లడం పెద్దలకు సులువు. సూది గుచ్చుకోగానే ఆ అబద్ధం బయటపడుతుంది. ఆ తరువాత మందు తాగమన్నా, చెయ్యి కదపమన్నా పిల్లవాడు నమ్మడు. మూడేళ్ల బిడ్డకు ముందురోజు చెబితే చాలు, స్కూలుకు వెళ్లే వయసు వారికి ఇంకొంచెం ముందుగా చెప్పవచ్చు. సూది కాసేపు నొప్పి పెడుతుందని, తరువాత నిద్రపోతావని, ఆపరేషన్ తెలియనే తెలియదని, లేచేసరికి అమ్మ పక్కనే ఉంటుందని చెప్పాలి. ఇష్టమైన బొమ్మో, రోజూ కప్పుకొనే దుప్పటో వెంట ఉంచాలి.

మామూలుగా మత్తుకు ఆరు గంటల ముందు నుంచి అన్నం, బిస్కెట్లు, గేదె పాలు ఆపేస్తారు. తల్లిపాలకు, మంచినీళ్లకు గడువు అంతకంటే తక్కువ, అది మత్తు వైద్యుడు చెబుతారు. మత్తులో వాంతి అయితే ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉండటమే ఈ నియమానికి కారణం. ఆకలికి ఏడుస్తున్నాడని నాయనమ్మ చాటుగా బిస్కెట్ పెట్టి ఉంటే ఆ సంగతి దాచకూడదు. ఆపరేషన్ వాయిదా పడితే పడనీయాలి.

మత్తు అంటేనే హడలిపోయే కుటుంబాలు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. మత్తు మందు భద్రతపై ప్రపంచ వైద్యులు చర్చించుకున్న పరీక్షలు 1888, 1889లలో హైదరాబాద్‌లోనే జరిగాయి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో రెసిడెన్సీ వైద్యుడు ఎడ్వర్డ్ లారీ నడిపిన క్లోరోఫాం కమిషన్లవి. వాటి తీర్మానాలు తరువాతి పరిశోధనల ముందు నిలవలేదు, క్లోరోఫాం వాడకమూ పోయింది. నేడు మత్తు ఇచ్చినంతసేపూ రక్తంలో ఆక్సిజన్, నాడి, శ్వాస యంత్రంపై కనిపిస్తూనే ఉంటాయి.

మత్తు దిగేటప్పుడు రెండు నుంచి అయిదేళ్ల పిల్లలు కొందరు తల్లిని కూడా గుర్తుపట్టకుండా గింజుకుంటారు. సాధారణంగా అరగంటలోపే అది తగ్గిపోతుంది, తరువాత వారికి గుర్తు కూడా ఉండదు.

ఏడవని బిడ్డకూ నొప్పి ఉంటుంది

పసివారికి నొప్పి అంతగా తెలియదన్న అభిప్రాయం 1980ల దాకా వైద్యుల్లోనూ ఉండేది. ఆక్స్‌ఫర్డ్‌లో పరిశోధన చేసిన భారతీయ వైద్యుడు కె.జె.ఎస్. ఆనంద్ 1987లో ఆ అభిప్రాయాన్ని కదిలించారు. నెలలు నిండని శిశువులకు ఆపరేషన్ సమయంలో బలమైన నొప్పి మందు ఇస్తే శరీరంపై ఒత్తిడి, తరువాతి ఇబ్బందులు తగ్గుతాయని ఆయన బృందం చూపింది. ఆస్పత్రుల్లో మారిన ఈ ఆలోచన ఇళ్లలో ఇంకా పూర్తిగా మారలేదు. "మా బంగారు తల్లి, ఏడవనే ఏడవదు" అని మెచ్చుకుంటే ఆడపిల్ల నొప్పిని దాచుకోవడం నేర్చుకుంటుంది. కదలకుండా పడుకోవడం, తినకపోవడం, బొమ్మ ముట్టకపోవడం, ముఖం ముడుచుకొని ఉండటం కూడా నొప్పి గుర్తులే. మూడేళ్లు దాటిన వారికి నవ్వే ముఖం నుంచి ఏడ్చే ముఖం దాకా ఆరు బొమ్మలు గీసి, నీ నొప్పి ఏ ముఖంలా ఉందని అడిగితే వేలు పెట్టి చూపిస్తారు. ఆస్పత్రుల్లోనూ ఇదే పద్ధతి వాడుతున్నారు.

మందు గడియారం ప్రకారమే

నొప్పి ముదిరాక మందు ఇస్తే అది తగ్గడానికి ఎక్కువ సమయం పడుతుంది. మొదటి రెండు మూడు రోజులు డాక్టరు రాసిన మందును బిడ్డ ఏడ్చినా ఏడవకపోయినా వేళకు ఇవ్వాలి. రాత్రి డోసు వదలకూడదు. సాధారణంగా పారాసిటమాల్ కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, ఆరు గంటలకోసారి, రోజుకు నాలుగు సార్లకు మించకుండా ఇస్తారు. అసలు చిక్కు సీసాలో ఉంది. ఒక సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములు ఉంటే, మరోదానిలో 250 ఉంటాయి. చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరుకే 100 ఉంటాయి. 15 కిలోల బిడ్డకు గరిష్ఠంగా 225 మిల్లీగ్రాములు కావాలంటే మొదటి సిరప్ 9 మిల్లీలీటర్లు, రెండోది నాలుగున్నర. ఇంట్లో చెంచాతో కాకుండా గీతలున్న మూతతోనో, సిరంజితోనో కొలవాలి. జలుబు సిరప్‌లలోనూ పారాసిటమాల్ ఉండవచ్చు, రెండూ కలిపి ఇస్తే మోతాదు మించి కాలేయం దెబ్బతింటుంది.

దానితోపాటు ఐబుప్రొఫెన్ రాసి ఉంటే తిన్న తరువాత ఇవ్వాలి. వాంతులవుతున్నా, ఆయాసం జబ్బు ఉన్నా ముందుగా డాక్టరుకు చెప్పాలి. పెద్దల కోసం ఇంట్లో ఉంచిన నిమెసులైడ్ మాత్ర విరిచి ఇవ్వడం తగదు. పన్నెండేళ్లలోపు వారికి దాన్ని మన దేశంలో 2011లోనే నిషేధించారు. కొడీన్ కూడా ఆ వయసు వారికి వద్దని అమెరికా ఔషధ సంస్థ 2017లో హెచ్చరించింది.

మందుతోపాటు చేతిని దిండ్ల మీద గుండె కంటే ఎత్తులో ఉంచితే వాపు, నొప్పి రెండూ తగ్గుతాయి. కథ చెప్పడం, సబ్బు నీటి బుడగలు ఊదించడం ఉత్త కాలక్షేపం కాదు. ధ్యాస మళ్లిన పిల్లలకు సూది నొప్పి తక్కువగా తెలుస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. కట్టు లోపల దురద పెడితే పెన్సిలో, స్కేలో దూర్చకూడదు, పుండు పడుతుంది.

ఈ నొప్పికి ఆగవద్దు

మామూలు నొప్పి రోజురోజుకూ తగ్గాలి. మందు వేళకు ఇస్తున్నా పెరుగుతుంటే, డోసు డోసుకూ మధ్య బిడ్డ ఆగలేకపోతుంటే, ఊరడించినా వినకుండా గింజుకుంటుంటే లోపల ఒత్తిడి పెరుగుతోందని అనుమానించాలి. వేళ్లను మెల్లగా చాపితే కేకలు వేయడం, వేళ్లు పాలిపోవడం, నీలంగా మారడం, చల్లబడటం, తిమ్మిరి ఎక్కడం ఆగకూడని గుర్తులు. రంగు మారేదాకా చూద్దామనుకుంటే ఆలస్యమైపోతుంది, నొప్పి పెరగడమే అన్నింటికంటే ముందు వచ్చే గుర్తు. తెల్లవారాక వెళ్దామనుకోకుండా 108కు ఫోన్ చేసి, ఆపరేషన్ చేసిన ఆస్పత్రికో, సంగారెడ్డి ప్రభుత్వ ఆస్పత్రికో, హైదరాబాద్‌లోని గాంధీ ఆస్పత్రికో చేరాలి. ఆలోగా ఆర్‌ఎంపీతో నొప్పి సూది వేయించి నిద్రపుచ్చితే ఆ గుర్తు కాస్తా మరుగున పడుతుంది.

ఖర్చు సంగతికి వస్తే, తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. తమ బిడ్డ ఆపరేషన్ ఆ జాబితాలో ఉందో లేదో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగాలి.

తీగలు తీసే రోజు పారాసిటమాల్ అరగంట, గంట ముందే ఇవ్వవచ్చో లేదో డాక్టరును అడిగి పెట్టుకుంటే మంచిది. కట్టు విప్పాక మోచెయ్యి బిగుసుకుపోయి ఉంటుంది. అది చూసి నూనె రాసి మర్దన చేయించడం, బలవంతంగా వంచడం, బరువు సంచి తగిలించడం చేయకూడదు. దానివల్ల కండరంలో ఎముకలాంటి గడ్డ కట్టి చెయ్యి మరింత బిగుసుకుపోవచ్చు. అన్నం కలుపుకోవడం, బంతి విసరడం వంటి పనులు తనంతట తాను చేసుకుంటూ పోతే కొన్ని వారాల్లో కదలిక వస్తుంది.